జీపు ఎక్కే పీట

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో, దోమలు కుడతాయి. హరిలాల్ తాత సంగతి చెబుతాను. గొప్పోళ్ళ కథ కాదిది. ఆయన పేరు ఏ పేపర్లోనూ పడలేదు. ఆయన ఫోటో లోకం మొత్తానికి ఒక్కటే ఉంది, అదీ డ్రైవింగు లైసెన్సు మీద అతికించినదే, సగం ముఖం మీద ఆఫీసు ముద్ర పడి ఉంటుంది. అయినా విను. ఇందులో నువ్వు కూడా ఉన్నావు. చివర్లో వస్తావు, అందాకా ఊఁ కొడుతూ ఉండు.

ఆ పొద్దున హరిలాల్ ఎప్పటిలాగే జీపు చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునూ మడమతో తన్ని చూశాడు. గాలి కొలిచే మిషను ఆయన దగ్గర ఎన్నడూ లేదు. తంతే టైరు చేసే చప్పుడును బట్టే గాలి సంగతి తెలిసేది. మూడోది తన్నేసరికి ఆయాసం వచ్చింది. బానెట్ మీద చెయ్యి ఆనించి, ఆకాశం వైపు తల ఎత్తి, కాసేపు అట్లాగే నిలబడ్డాడు. చూసినవాళ్ళు వాన సంగతి ఆలోచిస్తున్నాడు అనుకోవాలని. ఆ మధ్య ఆయనకు మబ్బులు చూడడం బాగా ఎక్కువైంది.

సన్నని పొడుగు మనిషి. గుడ్డ టాపు కింద తల వంచుకుని ఏళ్ళ తరబడి నడిపి నడిపి, కిందికి దిగాక కూడా మెడ కొంచెం వంగే ఉండేది. కుడిచెయ్యి ఎప్పుడూ బయటికి పెట్టి నడిపేవాడు కాబట్టి అది కాలిన కట్టెలా నల్లగా, ఎడమచెయ్యి చామనఛాయగా ఉండేవి. రెండూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషుల చేతులు అనిపించేవి. భుజం మీద ఎర్ర తువ్వాల, చెవి వెనక సగం కాల్చి ఆర్పిన బీడీ.

ఆయన భార్య హేమ్లి రొట్టెల మూట తెచ్చి సీటు మీద పెట్టింది.

"బ్రేకు గదా ఇయ్యాల? గా తెల్లంగి ఏసుకపో. గీ మాసిన దాంతోని పోతె సారు బండిని గాదు, నిన్నే ఫెయిల్ జేస్తడు."

"నేనెప్పుడో ఫెయిలైన. బండి పాసైతె సాలు," అన్నాడు హరిలాల్. అన్నాడే గానీ తెల్లచొక్కా వేసుకున్నాడు.

బ్రేకు అంటే ఏమిటంటావా? కిరాయికి తిప్పే బండిని ఏడాదికోసారి బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. బాగుంది, రోడ్డు మీద తిరగవచ్చు అని ఆయన కాగితం ఇవ్వాలి. ఆ కాగితం లేకపోతే చెక్‌పోస్టు దగ్గరే బండి ఆగిపోతుంది. అక్కడే వచ్చింది హరిలాల్‌కు చిక్కు. ఆ జీపు ఏదో ఆఫీసువాళ్ళు వేలంలో అమ్మేసినది, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. కానీ దాని కాళ్ళకున్న టైర్లు దానివి కావు. మిలిటరీ బండ్ల పాత సామాను అమ్మేచోట కొన్నవి, కంపెనీ ఇచ్చినవాటికంటే జానెడు పెద్దవి. అవి పట్టడానికి మడ్‌గార్డుల అంచులు కూడా రంపంతో కోయించాడు. బండి పుస్తకంలో రాసిన సైజు కాకుండా వేరే టైర్లు వేస్తే చట్టం ఒప్పుకోదు. కాగితం రాదు. చట్టం ఒప్పుకునే చిన్న టైర్లు వేస్తే, వానాకాలం మన రాళ్ళవాగు ఒప్పుకోదు.

ఆ పెద్ద టైర్లు ఎందుకు వచ్చాయంటే నా పెళ్ళి వల్ల వచ్చాయి. నవ్వకు, నిజమే. అప్పటికి జీపు కొత్తగా తెచ్చాడు, దానికి దాని టైర్లే ఉన్నాయి. మీ బద్యా తాతనూ వాళ్ళ వాళ్ళనూ మొదటి ట్రిప్పులో వాగు దాటించి తాండా వైపు దింపాడు. నన్నూ మా ఆడవాళ్ళనూ తీసుకుపోవడానికి తిరిగి వచ్చేసరికి ఎండాకాలం నడిమధ్యన అకాలవాన. వాగు పొంగింది. పెళ్ళికొడుకు ఆ ఒడ్డున, పెళ్ళికూతురు ఈ ఒడ్డున. మర్నాటి దాకా అంతే. హరిలాల్ సీట్లన్నీ మాకు ఇచ్చేసి జీపు కింద పడుకున్నాడు. మూడు రాళ్ళు పెట్టి జొన్న గట్క వండాడు, అందులో ఉప్పు మరిచిపోయాడు. అటు ఒడ్డు నుంచి మీ తాత "తిన్నదా?" అని అరిస్తే, ఇటు నుంచి ఈయన "తిన్నది, తిట్టింది!" అని అరిచాడు. వాగు తీసి నీళ్ళు తగ్గాక నన్ను దాటిస్తూ, "ఇంకో పెళ్ళిపిల్లను గిట్ల ఒడ్డున కూసోబెట్ట," అన్నాడు. ఆ ఏడు పంట చేతికి రాగానే పెద్ద టైర్లు వచ్చాయి.

టైర్లు పెరిగాక జీపు ఎత్తయింది. ముసలివాళ్ళకూ, బరువు ఘాగ్రాలు కట్టుకున్న మాకూ కాలు అందేది కాదు. అప్పుడు విరిగిన లారీ తలుపు చెక్కతో ఒక పీట చేయించాడు. మోకాలెత్తున నాలుగు కాళ్ళు, వెడల్పాటి పలక. జీపు వెనక కొక్కేనికి తాడుతో వేలాడుతూ ఉండేది. ఎవరు ఎక్కవలసి వచ్చినా తనే దిగి, పీట విప్పి, నేల మీద పెట్టి, రాళ్ళ మీద ఊగకుండా ఒక మూల తన కాలితో తొక్కిపట్టేవాడు. మనిషి లోపల సర్దుకుని కూర్చునేదాకా ఆ కాలు తీసేవాడు కాదు. చంటిపిల్ల తల్లికీ అంతే, మాట్లాడకుండా ముఖం తిప్పుకుని కూర్చునే ఫారెస్టు గార్డుకూ అంతే.

ఆ పొద్దున నేనూ జీపెక్కాను. మీ అమ్మ కవిత భద్రాచలం దవాఖానాలో కాన్పయి ఉంది. తనను ఇంటికి తెచ్చుకోవాలి. నాతోపాటు కళ్ళ డాక్టరు దగ్గరికి పోయే రూప్లి అవ్వ. ఆమె నోరు నీకు తెలియదు. పీట మీద ఒక కాలు, జీపులో ఒక కాలు పెట్టి ఆయాసపడుతూ, "హరీ, ఇంకో జర ఎత్తు పెంచరాదుర! సక్కగ సర్గంలనే దిగుదును," అంది.

"గాడ దింపితె తిరుగు కిరాయి దొరకదు పెద్దమ్మా," అన్నాడు ఆయన, పీట మీద కాలు తియ్యకుండానే.

వాగులో నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి. పెద్ద టైర్లు వాటిని లెక్కచెయ్యలేదు. బురద దాటి, చర్ల రోడ్డెక్కి, పోలీసు క్యాంపు ముందర నెమ్మదించి, మళ్ళీ సాగాం. దవాఖానా దగ్గర మమ్మల్ని దింపి హరిలాల్ కోటేష్ దుకాణానికి పోయాడు. అక్కడి నుంచి జరిగింది నేను చూడలేదు. తిరుగుదారిలో ఆయనే చెప్పాడు, మిగతాది తర్వాత కోటేష్ చెప్పాడు.

కోటేష్‌ది ఊరి చివర పంక్చర్ల దుకాణం. జీపుతో వచ్చిన చిన్న టైర్లు ఏడాది పొడుగునా అక్కడే ఒక మూల ఉండేవి. బ్రేకు రోజున జాకీ ఎత్తి, పెద్దవి విప్పి, చిన్నవి బిగించేవాడు. కాగితం చేతికి రాగానే మళ్ళీ పెద్దవి. ఆ ఒక్క పూటకే చిన్న టైర్లు. అడవి దారుల్లో తిరిగే జీపులవాళ్ళందరూ చేసేది అదే. చెయ్యనివాడిని వెర్రివాడు అనేవాళ్ళు.

"కాకా, చిన్నయి ఏస్తె నీ బండి స్నానం జేసిన కోడి లెక్కుంటది," అన్నాడు కోటేష్ నట్లు బిగిస్తూ.

"ఉండనియ్. జల్దీ గానియ్ బిడ్డా, సారు లేసి పోతడు."

ఇన్‌స్పెక్టరు నెలకోసారి వచ్చి, గోదావరి కరకట్ట దగ్గర ఖాళీ జాగాలో బండ్లు చూసేవాడు. ఈసారి వచ్చినాయన కొత్త. వెంకటకృష్ణ అని, సత్తుపల్లి వైపు మనిషి, పడుచువాడు. వరసలో హరిలాల్ వంతు వచ్చింది. లైట్లు చూశాడు, హారను కొట్టించాడు, టైర్ల మీద రాసి ఉన్నది వంగి చదివి పుస్తకంతో సరిచూశాడు. అన్నీ కుదిరాయి. "నేనొకసారి నడిపి చూస్తాను," అంటూ డ్రైవరు సీటు వైపు వచ్చాడు.

అంతే. మనిషి ఎక్కబోతున్నాడని కంటికి కనబడగానే హరిలాల్ కాళ్ళూ చేతులూ ఆయనను అడగలేదు. వెనక్కి పోయాడు, పీట విప్పాడు, తెచ్చి ఆ సారు పాదాల ముందర పెట్టాడు, మూల మీద కాలు వేసి తొక్కిపట్టి నిలబడ్డాడు.

చిన్న టైర్ల మీద జీపు నేలకు దగ్గరగా ఉంది. పీట ఎక్కితే లోపలికి దిగాలి గానీ ఎక్కే పని లేదు. వెంకటకృష్ణ పీటను చూశాడు. దాని మధ్యలో అరిగిన పల్లాన్ని చూశాడు. తల ఎత్తి మడ్‌గార్డుల కోసిన అంచులు చూశాడు. వరసలో ఉన్న డ్రైవర్లలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

"పెద్దాయనా, ఆ పెద్ద టైర్లు ఎక్కడున్నాయి?"

హరిలాల్ ఎర్ర తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "కోటేష్ దుకాణంల ఉన్నయి సారూ," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కేకలు వెయ్యలేదు. పక్కకు, కరకట్ట నీడకు తీసుకుపోయాడు. "చూడండి, నేను ఊరికే పేచీ పెట్టడం లేదు. టైరు పెరిగితే బండి బరువు పైకి పోతుంది. మలుపులో ఒరిగిపోతుంది. ఈ బ్రేకులు ఈ చిన్న టైర్లకి లెక్కేసి పెట్టినవి, పెద్దవాటిని పట్టుకుని ఆపలేవు. ఏదైనా జరిగితే బీమావాళ్ళు కూడా మాది కాదంటారు. మీ మీటరు కూడా తప్పే చూపిస్తుంది. మీరు తిరిగిన దానికంటే తక్కువ చూపిస్తుంది."

"తక్కువనా?" అన్నాడు హరిలాల్. "అయితె నేను అనుకున్న దానికన్న ఎక్కువనే తిరిగినన్నట్టు."

సారుకు నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాడు. హరిలాల్ మాత్రం నవ్వలేదు. ఆయనకు ఒక మలుపు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడు, హాస్టలు పిల్లలను తీసుకుపోతుంటే, గొడ్డు అడ్డం వచ్చి స్టీరింగు తిప్పాడు. జీపు ఒక పక్కకు లేచి, ఒక్క క్షణం అట్లాగే ఆలోచించి, మళ్ళీ నేల మీదికి దిగింది. పిల్లలు అదేదో ఆట అనుకుని కేరింతలు కొట్టారు. "ఇంకోసారి తాతా!" అన్నారు. ఆ సాయంత్రం హరిలాల్ గ్లాసు పట్టుకోలేకపోతే హేమ్లి చాయ్ తాగించింది. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ చెప్పలేదు, చాలాకాలానికి ఆమే నాకు చెప్పింది.

"మరి వాగో సారూ?" అని మాత్రం అడిగాడు. "చిన్నయి ఏస్తె వాగుల బండి తేల్తది."

వెంకటకృష్ణ బండి పుస్తకం మూశాడు. "వాగు నా చేతిలో లేదు. నీళ్ళుంటే ఒడ్డున ఆపెయ్యండి. ఆగడం తప్పు కాదు. కాగితం ఇస్తాను, కానీ పెద్ద టైర్లు మళ్ళీ ఎక్కించనని నాకు మాట ఇవ్వాలి."

హరిలాల్ జీపు దగ్గరికి పోయి, నల్లచెయ్యి స్టీరింగు మీద వేసి, "ఎక్కియ్య సారూ," అన్నాడు. మాట ఇచ్చేశాక పీట ఎత్తుకుని, దుమ్ము దులిపి, కొక్కేనికి తగిలించాడు.

కోటేష్ జాకీ సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. వద్దన్నాడు హరిలాల్.

"పిచ్చి లేసిందా కాకా? గాయన నెలకోపారి వస్తడు. వాగు దినాం వస్తది."

"గాయన రాడు గాని, నేను దినాం గీ బండ్లనే కూసుంట గదా కోటేషూ. మాట నా పక్కనే కూసుంటది."

"మరి గీ పెద్దయి ఏం జెయ్యాలె?"

"ఉండనియ్ ఆడ. నిన్నేమన్న తిండి అడుగుతున్నయా?"

దవాఖానా గేటు ముందర మా కోసం ఆగినప్పుడు రూప్లి అవ్వ కట్టు కట్టిన కన్నుతోనే కనిపెట్టింది. "ఏంది హరీ, నీ బండి కూసున్నది?" అంది. పీట లేకుండానే ఎక్కగలిగింది. అయినా ఆయన పీట పెట్టాడు. మీ అమ్మ నిన్ను గుడ్డలో చుట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా హరిలాల్ తన తెలివితక్కువతనం చెప్పి నవ్వుతూనే ఉన్నాడు. "సారుకు పీటేసిన! ఇగ దొరకక ఏమైత?" అంటూ. మధ్యమధ్య మాట ఆపి గట్టిగా ఊపిరి తీసేవాడు. దుమ్ము అనుకున్నాం. వానాకాలం దుమ్మెక్కడిది? అప్పుడు తట్టలేదు.

పైన అడవిలో ఎక్కడో కుమ్మరించింది. పొద్దు వాలుతుండగా మేము వచ్చేసరికి రాళ్ళవాగు ఎర్రగా, తొడల లోతున పారుతోంది. పెద్ద టైర్లుంటే గేరు మార్చి దిగిపోయేవాడే. హరిలాల్ నీళ్ళ అంచున జీపు ఆపాడు. ఇంజను కూడా ఆపేశాడు. ఆయన వాగు దగ్గర ఇంజను ఆపడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. వాగు చప్పుడు అంత పెద్దగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

పచ్చి బాలింత, గుడ్డలో నువ్వు, మబ్బు దిగుతోంది. "బావా, మల్ల నన్ను ఒడ్డుననే కూసోబెట్టినవ్," అన్నాను. నవ్వుతూ అనాలనుకున్నాను గానీ నవ్వు రాలేదు.

ఆయన నా ముఖం చూశాడు. వెంటనే అటు ఒడ్డుకు కేక వేశాడు. మీ నాన్న జగదీష్, మీ తాత, ఇంకొందరు మోకు తెచ్చి ఇటు చెట్టుకీ అటు చెట్టుకీ బిగించారు. మీ అమ్మను మీ నాన్న ఒక పక్క, తాత ఒక పక్క పట్టుకుని దాటించారు. రూప్లి అవ్వను వీపు మీద మోశారు. ఆమె దారంతా తిడుతూనే ఉంది, వాగునీ మోసేవాళ్ళనీ.

ఇదిగో, ఇప్పుడొచ్చావు నువ్వు. మీ నాన్న నిన్ను తీసుకోబోతే హరిలాల్ వద్దన్నాడు. "వాగుల రాళ్ళు యాడున్నయో నాకెరుక. ఇటియ్యి," అన్నాడు. పీట తెచ్చి తలకిందులుగా తిప్పాడు. పైకి లేచిన నాలుగు కాళ్ళ చుట్టూ నా శాలువా బిగించి కట్టాడు. పలక మీద తన ఎర్ర తువ్వాల మడిచి పరిచి, అందులో నిన్ను పడుకోబెట్టాడు. పీటను నెత్తి మీద పెట్టుకుని, ఒక చేత్తో దాన్నీ ఒక చేత్తో మోకునూ పట్టుకుని దిగాడు. మీ నాన్న నీళ్ళు పారే కింది వైపున అడుగులో అడుగు వేస్తూ నడిచాడు, వెనక నేను.

ఎన్నో ఏళ్ళుగా టైర్ల కింద మాత్రమే తెలిసిన రాళ్ళు ఆ సాయంత్రం ఆయన పాదాలకు తెలిశాయి. ఒక్కోదాని మీద కాలు పెడుతూ, "గిది నున్నటిది. గిది మొన రాయి, నా సైలెన్సరు పగలగొట్టింది గిదే," అంటూ నీకు చెబుతున్నాడు. నువ్వు నిద్రపోయావు. ఒక్కసారి కూడా ఏడవలేదు.

అటు ఒడ్డున నిన్ను మీ అమ్మ చేతిలో పెట్టి, తువ్వాల కూడా నీ కిందే వదిలేశాడు. చాలాసేపు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. తర్వాత తల ఎత్తి ఆకాశం చూశాడు.

"ఇంటికి రా బావా. హేమ్లక్క ఎదురుచూస్తది," అన్నాను.

"బండిని ఒక్కదాన్ని ఇడిసి ఎట్ల రావాలె? నీళ్ళు పెరిగితె ఎనకకు తియ్యాలె గదా. పొద్దుగాల వాగు తీస్తది. అప్పుడొస్త."

మేము ఎంత చెప్పినా వినలేదు. పీట చంకన పెట్టుకుని, మోకు పట్టుకుని, మళ్ళీ దాటిపోయాడు. అటు పోయి జీపును గట్టు మీదికి వెనక్కి తీసి, టైరు పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. నేను తాండా దారిలో మలుపు దగ్గర ఆగి చూస్తే బీడీ ముట్టించినట్టున్నాడు, పొగ సన్నగా లేస్తోంది. చెయ్యి ఎత్తాడు, నల్లచెయ్యి. నేనూ ఎత్తాను.

పొద్దుటికి వాగు తీసింది. నీళ్ళు పిక్కల్లోతుకు దిగాయి, చిన్న టైర్లు కూడా దాటగలిగేంత. హేమ్లక్క రొట్టె, చాయ్ డబ్బా పట్టుకుని వాగు దాటిపోయింది. ఆయన పీట మీదే కూర్చుని ఉన్నాడు, వీపు టైరుకు ఆనించి, గడ్డం రొమ్ము మీద వాల్చి. తెల్లచొక్కా ఆరిపోయింది. నిద్రపోతున్నాడు అనుకుని, చాయ్ చల్లారిపోతుందని ఆమె రెండుసార్లు పిలిచింది. తర్వాత పిలవలేదు. మేము వెళ్ళేసరికి పక్కన నేల మీద కూర్చుని, ఆయన తలలో ఇరుక్కున్న ఆకు తీస్తోంది.

గుండె అన్నారు డాక్టర్లు. ఎప్పటి నుంచో చెడిందట, ఎన్నడూ చూపించుకోలేదు. బండికి ఏడాదికోసారి బ్రేకు చేయించాడు గానీ, అని హేమ్లక్క అని, ఆ మాట అక్కడే ఆపేసింది.

మరుసటి నెల ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు కోటేష్‌ను అడిగాడట, "పీట పెద్దాయన ఎలా ఉన్నారు?" అని. కోటేష్ చెప్పాడు. ఆయన పెన్నుకు మూత పెట్టేశాడట. అడగలేక అడిగినట్టు, "బండికి ఏ టైర్లున్నాయి?" అన్నాడట.

"చిన్నయే సార్," అన్నాడు కోటేష్.

ఆ తర్వాత కొన్నేళ్ళకు వాగు మీద వంతెన పడింది. ఇప్పుడు చిన్న కార్లు కూడా అద్దాలు ఎత్తుకుని దాటిపోతున్నాయి, కింద వాగుందని కూడా చూడవు. జీపు ఎవరో కొనుక్కుపోయారు. పెద్ద టైర్లు కోటేష్ దుకాణం ముందరే ఉన్నాయి, వాటిలో వాననీళ్ళు నిలిస్తే పిట్టలు తాగుతాయి. పీట మాత్రం హేమ్లక్క నీ కోసం ఇచ్చింది.

గుర్తుపెట్టుకో బిడ్డా. నేను పోయాక ఇది చెప్పేవాళ్ళు ఉండరు. నీ పిల్లలకు చెప్పు, వాళ్ళ పిల్లలకు చెప్పమను. టైర్ల కొలతలు మరిచిపోయినా పర్లేదు, ఆ మనిషి మాట మరిచిపోకు. నమ్మనివాళ్ళకు నువ్వు రోజూ కూర్చుని చదువుకునే ఆ పీట చూపించు. దాని మధ్యలో పల్లం ఉంది చూడు, అది మా అందరి పాదాలు పడి అరిగింది. కుడి మూలన ఇంకో చిన్న పల్లం ఉంది, అది ఆయన ఒక్కడి కాలిది.